నాలుగు వెంటిలేటర్లు

"అంకుల్ వెళ్లిపోయారమ్మా" అంది ఆంటీ ఫోన్లో. మధ్యాహ్నం భోజనాల వేళ. పెర్త్‌లో, కానింగ్ వేల్‌లోని మా ఆఫీసు వంటగదిలో నిలబడి అన్నం డబ్బా మూత తీస్తున్నాను. ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఇలాంటి కబురు ఎంతమంది ఇళ్లకి చెప్పిందో. అందుకే గొంతు వణకలేదు. "షెడ్డులోనే. టీ తీసుకెళ్లాను. కుర్చీలో కూచునున్నారు, చేతిలో గరుకు కాగితం ఉంది. నేను పట్టుకు చూసేసరికి చేతులింకా వెచ్చగానే ఉన్నాయి" అంది. ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆగిపోయింది. నేను డబ్బా మూత మళ్లీ పెట్టేశాను.

బయటివాళ్లకి అది మామూలు మాట. ఆవిడ దాన్ని నాకెందుకు చెప్పిందో నాకు తెలుసు. ఆ చేతుల్ని వెచ్చగా ఉంచడానికి మేం ముగ్గురం ఒక ఏడాది ఆకురాలే కాలం నుంచి చలికాలం చివరిదాకా నానా తంటాలూ పడ్డాం. అందులో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. ఇన్నేళ్లూ దాన్ని తలుచుకుని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే నవ్వు రావడం లేదు.

అంకుల్ నాకు చుట్టం కాదు. మెల్‌బోర్న్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చదవడానికి గుంటూరు నుంచి దిగిన నాకు గది ఇచ్చిన ఇంటాయన. నరసాపురం దగ్గర పడవలు కట్టేచోట పని నేర్చుకున్న వడ్రంగి. ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆమెతో వచ్చారు. "ఆవిడ వీసా ఎనకాల సామానుతో పాటు నేనూ దిగేనమ్మా" అనేవారు. తలుపులు తయారుచేసే కర్మాగారంలో ఇరవై ఏళ్లు పనిచేసి, మానేసి, సొంత పని మొదలుపెట్టుకున్నారు. పిల్లలు లేరు. మెల్‌బోర్న్ పడమటి శివారు ట్రుగనీనాలో, గిడ్డంగులన్నీ దాటాక, కొత్త ఇళ్ల వరసలు ఇంకా చేరని చోట, ఎకరం స్థలంలో పాత ఇల్లు వాళ్లది. ఇంటి వెనక ఒక పెద్ద రేకుల షెడ్డు.

షెడ్డంటే షెడ్డు కాదు. అంతకు ముందున్నవాళ్లు ట్రాక్టరూ గడ్డిమోపులూ పెట్టుకున్నది. ఆరు కార్లు పట్టేంత పొడవు, నిచ్చెనేస్తే గానీ చూరు అందనంత ఎత్తు. ఇనప చట్రం మీద పలచటి రేకు, కింద సిమెంటు నేల, అంతే. ఆ మైదానం మీద దక్షిణం నుంచి వచ్చే గాలికి అడ్డం ఏమీ లేదు. చలికాలం ఉదయాన రేకు లోపలివైపు మంచు బిందువులు కట్టి, ఎండ పడగానే యంత్రాల మీద టపటపా రాలేవి. ఆయన రోజూ పాత దుప్పట్లతో రంపపు బల్లని కప్పి, పొద్దున్నే విప్పి, నూనెగుడ్డతో తుడిచి పని మొదలుపెట్టేవారు.

నేను చేరిన రెండో నెలలో, ఏప్రిల్ చివర అనుకుంటా, అక్కడ చలి మొదలయ్యే రోజులు, షెడ్డులోకి ఏదో అడగడానికి వెళ్లాను. ఆయన ఉలి పట్టుకుని ఒక తలుపు చట్రానికి గాడి తీస్తున్నారు. ఉలి చేతిలోంచి జారి సిమెంటు మీద ఖణేలుమంది. ఆయన వంగి తియ్యలేదు. కుడిచేతి మూడు వేళ్లు సుద్దముక్కల్లా తెల్లగా అయిపోయాయి. వాటిని గబుక్కున చంకలో దూర్చుకుని నవ్వారు.

"ఏటమ్మా అలా చూస్తావు? ఆళ్లు సెలవు పెట్టేరంతే. అరగంటలో డ్యూటీకొచ్చేత్తారు."

ఏళ్ల తరబడి అదిరే యంత్రాలు పట్టుకున్నందువల్ల నరాలు దెబ్బతిన్నాయని, చలి తగిలితే వేళ్లకి రక్తం అందడం లేదని డాక్టరు చెప్పాడట. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. నేను చెప్పేశాను. చాడీ చెప్పినట్టే అయింది గానీ, ఆ వేళ్లు చూసినవాళ్లెవరూ ఊరుకోలేరు.

ఆ పూట భోజనం దగ్గర ఆంటీ ఆయన చెయ్యి లాక్కుని, గోళ్లు ఒక్కొక్కటే నొక్కి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసింది. తర్వాత తీరిగ్గా పప్పు వడ్డిస్తూ తీర్పు చెప్పింది. "ఈ వింటర్ చూస్తానండి. ఇంకొక్కసారి ఈ వేళ్లు తెల్లబడ్డాయో, షెడ్డుకి తాళం. మెషిన్లన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యండి. వేలు కుళ్లితే కోసేది నా వార్డులోనే, గుర్తుపెట్టుకోండి." ఆవిడ బెదిరింపులు ఉత్తుత్తివి కావు. అంకుల్ అన్నం కలుపుతూ ఉండిపోయారు. ఆ షెడ్డు లేకపోతే ఆ మనిషి ఏమవుతాడో నాకప్పటికే కొంచెం తెలుసు. కర్మాగారం మానేసింది ఆ షెడ్డు కోసమే. ఒకరు చెప్పిన తలుపు కాకుండా, తనకు తోచిన తలుపు చెయ్యడం కోసం.

సరిగ్గా అప్పుడే నా అదృష్టం కొద్దీ యూనివర్సిటీలో ఉష్ణ ప్రసారం మీద పాఠాలు నడుస్తున్నాయి. వేడి గోడలోంచి ఎలా పోతుంది, దేన్ని అడ్డం పెడితే ఎంత ఆగుతుంది, అన్నీ నాకు కొత్తగా వచ్చేశాయి. కొత్తగా వచ్చిన చదువు ఊరికే కూర్చోనివ్వదు. "అంకుల్, షెడ్డంతా లోపలి నుంచి ఇన్సులేట్ చేద్దాం. పొయ్యి పెడదాం. లెక్కలు నేను వేస్తాను" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నిజంగా ఒక ఇంజనీరు వచ్చి మాట్లాడినట్టు లేచి నిలబడ్డారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు.

పని మొదలైంది. ఇనప చట్రానికి లోపలివైపు చెక్క చట్రం, రేకుకి తగలకుండా కొంచెం ఎడంగా. ఆ చెక్కల మధ్య గాజు ఉన్ని దిండ్లు. అవి తగిలితే ఒళ్లంతా దురద. నేను పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ కళ్లదాకా చుట్టుకుని, రబ్బరు తొడుగులు పెట్టుకుని వెళ్తే ఆయన తలుపు దగ్గరే ఆగి, "ఎవరండీ తమరు? దోచుకోడానికి ఏం లేదండి, అన్నీ చెక్కముక్కలే" అన్నారు. చట్రంలో పట్టడం లేదని నేను ఒక దిండుని మోకాలితో నొక్కుతుంటే నా భుజం తట్టి ఆపారు.

"నొక్కకమ్మా. నొక్కితే అందులో గాలి చచ్చిపోద్ది. మా అమ్మ బొంత కుట్టేటప్పుడు చేత్తో ఇలా తట్టి పొంగించేది. వెచ్చగా ఉంచేది దూది కాదు, దూదిలో కదలకుండా కూచున్న గాలి."

నేను రెండు వారాలు క్లాసులో కూర్చుని నేర్చుకున్న విషయం అది. ఆయన తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అప్పుడు మాత్రం నేను "అవునంకుల్, కరెక్టే" అని పాస్ మార్కులు వేసినట్టు తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.

నేల కూడా వదల్లేదు. సిమెంటు మీద థర్మోకోల్ లాంటి నురగ పలకలు, వాటి మీద చెక్క పరుపు. ఒక్కో వరస అయ్యాక ఆయన బూట్లూ మేజోళ్లూ విప్పి ఉత్త పాదాలతో దాని మీద నడిచేవారు. కళ్లు మూసుకుని, మెల్లిగా, ఈ చివర నుంచి ఆ చివరకి. ఒకచోట ఆగి, "ఇక్కడ చలి తగుల్తోంది" అనేవారు. ఎత్తి చూస్తే కింద పలకల మధ్య చిటికెన వేలంత సందు ఉండేది. ప్రతిసారీ ఉండేది. నా దగ్గర ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఉంది, యూని నుంచి తెచ్చింది. మూడోరోజు నుంచి దాన్ని సంచీలోంచి తియ్యడం మానేశాను.

తర్వాత గోడలకీ పైకప్పుకీ ప్లైవుడ్ పలకలు. అక్కడే నేను నోరు తెరుచుకుని చూడటం మొదలైంది. పలకలన్నీ పచ్చిక మీద వరసగా పరిచి, వాటి చెక్క చారలు చూసుకుంటూ రెండు రోజులు అటూ ఇటూ మార్చారు. ఒక పలకలో చార ఎక్కడ ఆగిందో పక్క పలకలో అక్కడే మొదలవ్వాలి. బిగించాక చూస్తే షెడ్డు చుట్టూతా ఒకే చెట్టు పరుచుకున్నట్టు కనిపించింది. స్క్రూలన్నీ ఇత్తడివి. దారం కట్టి గీసిన గీత మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కోదాన్నీ బిగించాక చివర్లో ఇంకొక్క పిసరు తిప్పేవారు. ఎందుకా అని దగ్గరికెళ్లి చూస్తే, స్క్రూ తల మీద గాట్లన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఏడెనిమిది వందల స్క్రూలు. ఒక్కటీ వంకర లేదు.

"అడ్డంగా ఉంటే గాట్లో రంపపు పొట్టు కూచుంటాది" అన్నారు, అది చాలా మామూలు విషయమైనట్టు.

పలకల వెనకవైపు కూడా నూనె రాస్తుంటే మాత్రం ఉండబట్టలేక అడిగాను. "గోడ వెనక ఎవరు చూస్తారంకుల్?"

"చెక్కకి ఎనకా ముందూ తెలీదమ్మా. ఒకవైపే రాత్తే వంగిపోద్ది." బ్రష్షు రెండుసార్లు ఆడించాక మళ్లీ అన్నారు, "అయినా ఎవరో ఒకరు చూత్తారు. ఇప్పేవాడు చూత్తాడు." ఆయన దేన్నీ జిగురుతో అతికించలేదు. పడవలు కట్టినవాళ్ల అలవాటట. విప్పడానికి వీల్లేకుండా బిగిస్తే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకునే దారి ఉండదు.

నేను పరీక్షలకి చదువుకుంటుంటే రంపం ఆపేసేవారు. ఎన్నిసార్లు పరవాలేదన్నా వినేవారు కాదు. పుస్తకం నేల మీద పెట్టానని ఒకసారి ఆయన మొహం చిన్నబోయింది. వారం తిరక్కుండా మిగిలిన చెక్కతో బల్ల చేసి నా గదిలో పెట్టారు. తాను తొమ్మిదో తరగతితో ఆగిపోయినందుకు ఆయనకి ఏ బాధా ఉన్నట్టు కనిపించేది కాదు. చదువు మీద ఆ గౌరవం మాత్రం ఉండేది. ఆ గౌరవమే తర్వాత కొంప ముంచింది.

గోడల పైభాగంలో, చూరు కింద, ఆయన నాలుగు చిన్న చట్రాలు కట్టారు. అటు రెండు, ఇటు రెండు. రేకుకి కూడా కంతలు కోశారు. ఏమిటివి అని అడిగాను.

"వెంటిలేటర్లు. మనకాడ ప్రతి గదికీ కిటికీ మీద ఉంటాయి కదా."

"అంకుల్! మనకాడ వేడి బయటికి పోవాలి కాబట్టి ఉంటాయి. ఇక్కడ వేడి లోపలుండాలి. వేడిగాలి పైకే వెళ్తుంది. మీరు సరిగ్గా అది వెళ్లిపోయే చోటే కన్నాలు పెట్టారు."

"మనుషులుండే గదికి వెంటిలేటర్ లేకపోతే ఎలాగమ్మా?"

"లెక్క ప్రకారం చాలా వేడి పోతుందంకుల్. మీ వేళ్లు మళ్లీ తెల్లబడితే?"

వేళ్ల మాట ఎత్తేసరికి ఆయన తగ్గారు. చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చారు. "ఏదీ, లెక్క చూపించు." గోడకి ఆనించి ఉన్న ఒక పలక వెనకవైపు నేను గబగబా రాసేశాను. గోడల వైశాల్యం, పైకప్పు, నేల, బయటి చలి, పొయ్యి వేడి, చివర రెండు గీతలు గీసి సమాధానం. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. అర్థమైందో లేదో అడగాలని కూడా నాకు తోచలేదు.

"సరేనమ్మా. చదూకున్న పిల్లవి. మూసేద్దాం" అన్నారు.

ఆ వారం చివర ఒకరోజు నేను యూని నుంచి వచ్చేసరికి నాలుగు కంతలూ మూసేసి, పైన పలకలు బిగించేసి ఉన్నాయి. ఎక్కడున్నాయో కూడా కనిపించనంత శుభ్రంగా.

చివరగా ఇనప పొయ్యి. కింద ఇటుకల అరుగు, పక్కన రంపపు పొట్టు చేరకుండా రేకు అడ్డం. పొగగొట్టం లైసెన్సున్న మనిషి వచ్చి పెట్టాడు. జూన్ మొదట్లో మొదటిసారి వెలిగించాం. వెలిగింది గానీ, షెడ్డు తలుపు మూస్తే మంట మూలిగేది, తెరిస్తే లేచేది. "కట్టెలు పచ్చివి" అని తేల్చేశాను. పచ్చివి కావని ఆయనకి తెలుసు. ఆ కట్టెలు ఆయనే ఎండబెట్టారు. కానీ నా వైపు చూసి, ఇంకో రెండు పుల్లలు పెట్టారు.

కొత్త ఇల్లు కట్టుకుంటే ప్రార్థన పెట్టుకుంటారు కదా, అలాగే షెడ్డుకీ పెట్టాలని ఆంటీ పట్టుబట్టింది. ప్రతి ఆదివారం ఒక బడి హాల్లో కూడే తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లది. ఒక శనివారం మధ్యాహ్నం నలభై మంది వచ్చారు. బయట వాన, ఆ దిక్కుమాలిన గాలి. పెరట్లో పెట్టాల్సిన గ్యాసు పొయ్యిలు వానకి షెడ్డులోకి మారాయి. మనవాళ్లు నలభై మంది కూడితే బిర్యానీ లేకుండా ఎలా? ఒక పొయ్యి మీద కోడి, ఒకదాని మీద ఎసరు, మూలన టీ డేగిశా. వేడి పోతుందని షెడ్డు ముందున్న, షట్టర్‌లా పైకి చుట్టుకునే రోలర్ తలుపు దించేశారు. దించమన్నది కూడా నేనే.

పాటలు మొదలయ్యాయి. డోలక్కూ, చప్పట్లూ, నలభై గొంతులూ. ఒక్కొక్కరే కోట్లు విప్పేశారు. "ఏం వెచ్చగుందండీ! మా ఇల్లు కూడా ఇలా లేదు" అని ఒకావిడ అంటే నా ఛాతీ ఉబ్బింది. పాస్టరు గారు ప్రార్థనలో అంకుల్ చేతుల కోసం దేవుణ్ణి అడిగారు. "ఈ చదువుకున్న బిడ్డనిచ్చినందుకు స్తోత్రం" అని నన్ను కూడా కలిపారు. కళ్లు మూసుకుని నేను తెగ సంబరపడిపోతున్నాను.

పాస్టరు గారు తెరిచి పట్టుకున్న బైబిలు మీద ఒక చుక్క పడింది. ఆయన పైకి చూశారు. రెండో చుక్క ఆయన నుదుటి మీద పడింది. తర్వాత ఇక్కడొకటి, అక్కడొకటి, అందరి తలల మీదా. వాన కారుతోందనుకున్నారు. నాకు తెలుసు, అది వాన కాదు. ఎసరు ఆవిరి, టీ ఆవిరి, నలభై మంది ఊపిరి. ఎక్కడికీ పోయే దారి లేక, పలకల సందుల్లోంచి దూరి, వెనకున్న చల్లటి రేకుకి తగిలి నీళ్లయిపోతోంది. గోడల అడుగున నల్లటి తడి చారలు దిగుతున్నాయి. అదే సమయంలో పొయ్యి దగ్గరున్న ఒక పెద్దావిడ తల తిరుగుతోందంటూ కూలబడింది. మూసిన గదిలో గ్యాసు పొయ్యిలు, పైగా కట్టెల పొయ్యి. ఆంటీ ఒక్క ఉదుటున వెళ్లి రోలర్ తలుపు ఎత్తి, "అందరూ బయటికి! కోట్లు తర్వాత!" అని అరిచింది. వానలో, చలిలో, పళ్లేలు పట్టుకుని నలభై మంది చూరు కింద నిలబడ్డారు. పెద్దావిడ పది నిమిషాల్లో తేరుకుని బిర్యానీ ఏదని అడిగింది. లేకపోతే ఈ మాటలు నేనిలా రాయగలిగేదాన్ని కాదు.

అంకుల్ లోపల ఒక్కరే నిలబడి పైకప్పు కేసి చూస్తున్నారు. అప్పుడు ఆయన కుడిచెయ్యి చంకలో ఉంది. నేను నా గదికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. గోడలు అలా తడిగా ఉంటే వారంలో బూజు పడుతుంది. పలకలన్నీ పీకెయ్యాలి. వింటర్ ఇంకా సగం కూడా కాలేదు. ఆయన చేతుల్లోంచి పని పోతే, అది నా వల్లే.

సోమవారం పొద్దున్న అంకుల్ తలుపు తట్టారు. "అమ్మాయ్, యూని ఉందా? లేకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని రా."

విప్పడం మొదలుపెట్టాం. ఆయన బిగించిన పద్ధతి వల్ల ఒక్క స్క్రూ కూడా మొరాయించలేదు, ఒక్క పలక కూడా చిట్లలేదు. చూరు కిందున్న మొదటి పలక తీసేసరికి నేను నిచ్చెన మీద అలాగే ఆగిపోయాను. లోపల వెంటిలేటర్ ఉంది. మూసేసిన కంత కాదు, పూర్తి వెంటిలేటర్. దోమతెర, సన్నటి చెక్క రెక్క, దానికి ఇత్తడి మడతబందులు, తాడు, తాడు చివర చిత్రిక పట్టి నున్నగా చేసిన చెక్క పూస. తాడుని చుట్టగా చుట్టి ఒక మేకుకి తగిలించి ఉంది. బయట రేకుకి బిగించిన మూత కూడా లోపలి నుంచి చేత్తో తిప్పితే ఊడి వచ్చేలా పెట్టారు. నాలుగూ అంతే.

"అంకుల్, ఇవి..."

"మూసెయ్యమన్నావు. మూసేను."

"మరి ఇదంతా ఎందుకు చేశారు?"

"నీ లెక్క సరైతే ఇయ్యి గోడలోనే ఉంటాయి, ఎవరికేం అడ్డం? కాకపోతే మళ్లీ గోడ కొయ్యక్కర్లేదు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీకు అనుమానం ఉన్నప్పుడు నన్ను ఆపొచ్చు కదా!"

"నాకున్నది అనుమానమే కదమ్మా. తెలుసుంటే చెప్పేవోణ్ణి. చదూకున్న పిల్ల ధైర్యంగా ఒక మాటంటే, నాకు తెలీకుండా కాదనడం ఏం న్యాయం?" ఇంకో స్క్రూ విప్పుతూ, "గ్యాసు పొయ్యిలు లోపలెట్టనివ్వడం మాత్రం నా తప్పు. అది నాకు తెలిసుండాల్సింది" అన్నారు.

సిగ్గుపడ్డాను, ఆ మాట దాచను. కానీ ఆ నిచ్చెన మీద నన్ను కదలనివ్వనిది సిగ్గు కాదు, విస్మయం. నన్ను కాదనకుండా, నన్ను గుడ్డిగా నమ్మకుండా, ఎవరూ ఎప్పటికీ చూడకపోవచ్చని తెలిసీ, ఆ రెక్కలకి గరుకు కాగితం పట్టించి, పూసలు చెక్కి, తాడు చుట్టి పెట్టిన మనిషిని చూస్తున్నాను. అంత పెద్దమనసు, అంత పనితనం ఒకే చేతుల్లో ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

మూడో పలక తిప్పితే దాని వెనక నా లెక్క ఉంది. చెరపలేదు, చిత్రిక పట్టలేదు, దాని మీదుగానే నూనె రాశారు. అక్షరాలు అద్దం కింద పెట్టినట్టు మెరుస్తున్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని మళ్లీ దాని ముందు నిలబడ్డారు.

"ఇందులో గోడలున్నాయి, చలుంది, పొయ్యుంది. మనుషులేరమ్మా?"

ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చారు. నేను నూనె మీద గట్టిగా నొక్కి అడుగున ఒక వరస రాశాను: మనుషుల ఊపిరి. ఎంత ఊపిరో అంకె వెయ్యడం నాకప్పుడు చేతకాలేదు. ఆ సెమిస్టర్ అంతా దాని గురించే చదివాను. ఇప్పుడు నా ఉద్యోగమే అది. ఒక భవనంలో ఎంతమంది ఉంటారు, వాళ్లకి ఎంత గాలి కావాలి, పాత గాలి ఎటు పోవాలి అని లెక్కలు వేస్తాను. నా ప్రతి లెక్కలోనూ మొదటి వరస మనుషులే.

తడిసిన దిండ్లు కొన్ని పారేశాం. మిగతావి ఎండిన రోజుల్లో బట్టల తీగ మీద ఆరేశాం. దారిన పోయేవాళ్లు కార్లు ఆపి మరీ చూశారు. దిండ్లకీ పలకలకీ మధ్య సందు లేకుండా ప్లాస్టిక్ పొర పరిచి, అతుకులన్నీ టేపుతో మూసి, మళ్లీ అవే స్క్రూలు అవే కన్నాల్లో బిగించాం. గాట్లు నిటారుగా పెట్టే పని ఈసారి నాకిచ్చారు. వెంటిలేటర్లు బయటికి వచ్చాయి. రెండు తెరిచి పొయ్యి వెలిగిస్తే మంట మూలగడం మానేసి బుద్ధిగా మండింది.

జూలై, ఆగస్టు గడ్డకట్టించే చలి. ఆంటీ ప్రతి ఉదయం డ్యూటీకి వెళ్లే ముందు షెడ్డులోకొచ్చి, ఆయన వేళ్లు పట్టుకుని గోళ్లు నొక్కి చూసి వెళ్లేది. నేను కిటికీలోంచి ఆవిడ మొహం చదవాలని చూసేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. సెప్టెంబరులో ఒకరోజు ఆవిడ మూడు కప్పుల టీ పళ్లెంలో పెట్టుకుని షెడ్డులోకి వచ్చి, ఒక చెక్కదుంగ లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది. అంతకు ముందెప్పుడూ ఆవిడ అక్కడ కూర్చోవడం నేను చూడలేదు. ఎవరూ తాళం మాట ఎత్తలేదు. అంకుల్ టీ తాగి, ఉలి తీసుకుని, గాడి తీయడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఆ చేతులు ఎన్ని చలికాలాలు పనిచేశాయో. సంఘానికి బల్లలు, పాస్టరు గారికి పుస్తకం పెట్టుకునే పీట, ఎంతోమంది ఇళ్లకి తలుపులు. నాకు పెర్త్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక వారం వారం ఫోన్ చేసేదాన్ని. ఎలా ఉన్నారని అడిగేదాన్ని కాదు. "ఎన్ని తెరిచారంకుల్?" అనేదాన్ని. "రెండు తెరిచేను, రెండు మూసేను" అనేవారు. అంటే ఒక్కరే ఉన్నారు, పని జరుగుతోంది. "మూడు" అంటే ఆంటీ వచ్చి కూర్చుందన్నమాట. నాలుగూ అంటే ఇంటినిండా జనం.

అంత్యక్రియలకి వెళ్లాను. పెట్టెలో ఆయన చేతులు ఛాతీ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. అప్పటిదాకా ఆపుకున్నది అక్కడ ఆగలేదు. పొయ్యి, ఉన్ని, పలకలు, లెక్కలు, దేనికీ అందనంత చల్లగా ఉన్నాయి.

సమాధి దగ్గర్నుంచి అందరూ షెడ్డుకే వచ్చారు. ఆయన్ని తలుచుకోవడానికి ఇంకెక్కడ కూర్చుంటారు? గోడలు తేనెరంగుకి తిరిగి ఉన్నాయి. స్క్రూలు నిటారుగా నిలబడి ఉన్నాయి. రంపపు బల్ల మీద ఇప్పుడు దుప్పటి లేదు. వంటంతా బయట చేసి గిన్నెలు లోపలికి తెచ్చారు. ఎవరో పొయ్యి వెలిగించారు, ఎవరో పాట ఎత్తారు. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టడం చూసి లేచాను. మొదటి వెంటిలేటర్ తాడు పట్టుకున్నాను. చివరనున్న చెక్క పూస ఒకవైపు అరిగి, బొటనవేలు ఆనేంత పల్లం పడి ఉంది. తాడుకి కొత్త ముక్క కట్టి, ఆ పూసని జానెడు కిందికి దించారు. చెయ్యి పైకెత్తడం కష్టమైన రోజుల్లో కాబోలు. ఆ సంగతి ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. నా బొటనవేలు ఆ పల్లంలో పెట్టి లాగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రెక్కలు చప్పుడు చెయ్యకుండా తెరుచుకున్నాయి.

ఉండలేక బయటికొచ్చి పచ్చిక మీద నిలబడ్డాను. ఆంటీ నా వెనకే వచ్చింది.

"ఎన్ని తెరిచావమ్మా?"

"నాలుగూ, ఆంటీ."

ఆవిడ తల ఊపింది. చూరు కింద కంతల్లోంచి లోపలి వాళ్ల ఊపిరి తెల్లగా, సన్నగా బయటికొచ్చి, గాలికి గిడ్డంగుల వైపు పోతోంది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఆవిడ నా చెయ్యి అందుకుని, ఒక్కొక్క వేలి గోరూ నొక్కి, రంగు తిరిగి వచ్చేదాకా చూసింది.